ఆటలో అరటిపండు
(డ్రిల్లు మాస్టారి స్మారకోపన్యాసం పాఠం)



మాస్టారికి పేరు ఉంది. సర్వీసు రిజిస్టర్లో ఉంది, నా వెనక ఈ బ్యానరు మీద కూడా రాశారు. కానీ మూడు తరాల పిల్లలకు ఆయన డ్రిల్లు మాస్టారే. అసలు పేరు పెట్టి పిలిచే ధైర్యం నాకు ఈ వయసులోనూ లేదు కనుక ఈ పూట కూడా డ్రిల్లు మాస్టారు అనే అంటాను. ఆయన దగ్గర చదువుకుని, ఆయన లాగే మెడలో విజిల్ వేసుకుని, ముప్పై ఏళ్లకు పైగా సర్కారు బళ్లలో ఆటలు ఆడించినవాణ్ణి. ఆయన గురించి చెప్పమని నన్ను పిలిచారు. ఆయన సాధించిన కప్పుల గురించి చెప్పేవాళ్లు మీలోనే ఉన్నారు. నేను మాత్రం ఒకసారి ఆయన జవాబు చెప్పలేకపోయిన ఒక ప్రశ్న గురించి మాట్లాడతాను.

1978. నేను తొమ్మిదో తరగతి. స్పోర్ట్స్ డే నాడు పొద్దున్నే గ్రౌండంతా సున్నం గీతలు గీసేవాళ్లు. పరుగు ముగిసే చోట అడ్డంగా ఎర్ర రిబ్బను పట్టేవాళ్లు. ఒక కొస అటెండరు చేతిలో, రెండో కొస ఎనిమిదో తరగతి అమ్మాయి చేతిలో ఉండేది. ఆ అమ్మాయికి చిన్నప్పుడే పోలియో. రెండు కాళ్లకీ ఇనప కడ్డీలు, తోలు పట్టీలు. ఎడమ చేత్తో కర్ర పట్టుకుని, గాలికి ఎగిరిపోకుండా రిబ్బనును కుడి మణికట్టుకి రెండు చుట్లు చుట్టుకునేది. మేం రొమ్ముతో ఆ రిబ్బనును తోసుకుని పోయేసరికి అది ఆమెను ముందుకి లాగేది. పడిపోకుండా ఉండాలంటే మేం దగ్గరికి వచ్చేటప్పటికి ఒక చుట్టు విప్పేయాలి. ఎప్పుడు విప్పాలో ఆమెకు బాగా తెలుసు, ఎందుకంటే అది వరసగా మూడో ఏడు. 200 మీటర్లలో ఆ రిబ్బను తెంచిన వాణ్ణి నేనే. ఆమె వేళ్లు ఆ చుట్టు విప్పడం నాకు ఇప్పటికీ కళ్లకు కట్టినట్టు ఉంది.

సాయంత్రం ప్రైజులు. మాకు స్టీలు గ్లాసులు. సాయం చేసిన పిల్లలకు కూడా ఏదో ఒకటి ఇవ్వాలన్న మంచి మనసు మాస్టారిది. ఆమెను పిలిచి సబ్బు పెట్టె ఇవ్వబోయారు. ఆమె చెయ్యి చాపలేదు.

"మాస్టారూ, నన్నెప్పుడూ ఫస్టు రానివ్వరు, సరే. లాస్టు కూడా రానివ్వరా?" అంది.

మాస్టారు ఆ సబ్బు పెట్టె జేబులో పెట్టుకున్నారు. ఏమీ అనలేదు.

మన పిల్లల ఆటల్లో ఒక హోదా ఉంది, మీరందరూ ఎరిగినదే. వీధిలో పిల్లలు దొంగాట ఆడుతుంటారు. ఇంట్లోంచి అమ్మ కేకేస్తుంది, "ఒరే, చెల్లిని కూడా ఆడించుకోరా" అని. కాదంటే వీపు పగులుతుంది. అందుకని చేర్చుకుంటారు. కానీ నాయకుడు అందరికీ చెప్పేస్తాడు, ఇది ఆటలో అరటిపండు అని. ఆ పిల్ల పరుగెత్తుతుంది, కేరింతలు కొడుతుంది, దాక్కుంటుంది. ఎవరూ పట్టుకోరు. పట్టుకున్నా దొంగ కాదు, ఔటు కాదు. మొదటి రోజు ఆ పిల్లకు సంబరం. నాలుగో రోజుకో ఐదో రోజుకో తెలిసిపోతుంది. అప్పుడు ఇంటికి ఏడుస్తూ వస్తుంది, "నన్ను కూడా దొంగ పెట్టమను అమ్మా" అంటుంది. ఔటయ్యే హక్కు కోసం ఏడ్చే ఏడుపు అది. నాలుగేళ్ల పిల్లకు కూడా అర్థమైపోతుంది, ఔటు కానివాళ్లు ఆటలో లేనట్టేనని.

సహిత విద్య అని మనం ఇవాళ పిలుస్తున్నదానికి పెద్ద గండం ఇక్కడే ఉందని నా నమ్మకం. ప్రత్యేక అవసరాలు గల పిల్లల్ని ఆటలకు దూరం పెట్టే బళ్లు తగ్గుతున్నాయి, సంతోషం. కానీ దూరం పెట్టడం మానేసిన చోట వాళ్లను అరటిపండ్లను చేస్తున్నాం. మార్చ్‌పాస్ట్‌లో ముందు నడిపిస్తాం. ముఖ్య అతిథికి పూలగుత్తి ఇప్పిస్తాం. చివర్లో విడిగా ఒక పరుగు పెట్టి, పాల్గొన్న అందరికీ మొదటి బహుమతి అంటాం. ఫొటో దిగుతాం.

ఈ తప్పు నేనూ చేశాను. ఉద్యోగంలో చేరిన కొత్తలో, నా బడిలో బుద్ధిమాంద్యం ఉన్న ఒక అబ్బాయి ఉండేవాడు. ఆరో తరగతి పిల్లల పరుగులో వాణ్ణీ నిలబెట్టి, మిగతా పిల్లలకు చెవిలో చెప్పాను, కాస్త మెల్లగా వెళ్లండర్రా అని. పిల్లలు బంగారు తండ్రులు, చెప్పినట్టే చేశారు. వాడు గెలిచాడు. గ్రౌండు దద్దరిల్లేలా చప్పట్లు. కొందరు టీచర్లు కళ్లు తుడుచుకున్నారు. మర్నాడు ఇంటర్వెల్లో వాడు ఆ పిల్లల్నే పట్టుకుని మళ్లీ పందెం వేశాడు. ఈసారి వాళ్లకు ఎవరూ ఏమీ చెప్పలేదు. వాడు ఎంతో వెనకబడి, రొప్పుతూ నా దగ్గరికి వచ్చి, "నిన్న నేను గెలిచాను కద సార్?" అని అడిగాడు. వాడి గొంతులో ఫిర్యాదు లేదు, అయోమయం ఉంది. తన కాళ్ల గురించి తనకు తెలిసిందేమిటో, తెలియందేమిటో వాడికి తేల్చుకోవడానికి వీల్లేకుండా చేశాను నేను. అబద్ధపు గెలుపు ఇవ్వడమంటే ఒక పిల్లవాడికి తన బలం కొలత తప్పుగా చెప్పడం. ఆ పని మళ్లీ చేయలేదు.

చట్టం ఏమంటోందో ఒక్క మాటలో చెప్పేస్తాను. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం 16వ సెక్షను బడులన్నీ ఈ పిల్లలకు చదువుతో పాటు ఆటపాటల అవకాశం కూడా ఇతరులతో సమానంగా ఇవ్వాలంటుంది. 30వ సెక్షను అచ్చంగా క్రీడల గురించే. మన దేశం 2007లో ఆమోదించిన ఐక్యరాజ్యసమితి దివ్యాంగుల హక్కుల ఒడంబడిక 30వ అధికరణంలోనూ బడిలో జరిగే ఆటల మాట విడిగా ఉంది. అంటే ఇది దయతో చేసే పని కాదు, బాకీ. ఇక బాకీ తీర్చే తీరు గురించి మాట్లాడుకుందాం.

ఆటకు నియమాలు ఆకాశం నుంచి ఊడిపడలేదు. మనిషి చేసినవే, మనిషి మార్చగలిగినవే. 1948 జులై 29న, లండన్ ఒలింపిక్స్ మొదలైన రోజునే, ఇంగ్లండులోని స్టోక్ మాండవిల్ ఆసుపత్రి పచ్చికలో డాక్టర్ లుడ్విగ్ గుట్మన్ చక్రాల కుర్చీల్లో ఉన్న 16 మంది మాజీ సైనికులకు విలువిద్య పోటీ పెట్టాడు. వెన్నుపాము దెబ్బతిన్నవాళ్లు. వాళ్లకు గెలుపు దానం చేయలేదాయన. బాణం ఎక్కడ గుచ్చుకుంటే అక్కడి పాయింట్లే. కాళ్లతో పని లేని ఆటను ఎంచుకున్నాడు, అంతే. ఆ పచ్చిక మీద మొదలైందే 1960లో రోమ్‌లో 400 మంది క్రీడాకారుల పారాలింపిక్స్ అయింది.

చక్రాల కుర్చీల బాస్కెట్‌బాల్ నియమం చూడండి. పిల్లలకు ఆట ఎలా కట్టాలో నేర్పే నియమాల్లో నాకు ఇంతకంటే నచ్చింది లేదు. ప్రతి ఆటగాడికీ శరీరం మీద ఉన్న పట్టును బట్టి 1 నుంచి 4.5 వరకు పాయింట్లు ఇస్తారు. మొండెం మీద పట్టు దాదాపు లేనివాడికి 1, మొండెం అన్ని వైపులా కదిలించగలవాడికి 4.5. కోర్టులో ఉన్న ఐదుగురి పాయింట్లు కలిపితే 14 దాటకూడదు. దీని మహిమ ఏమిటంటే, అందరూ బలమైనవాళ్లనే దింపుదామంటే కుదరదు. జట్టుకు తక్కువ పాయింట్ల ఆటగాడు అక్కర. అతను లేకపోతే జట్టు కూర్పు కుదరదు. అతన్ని జాలితో తీసుకోరు, అవసరంకొద్దీ తీసుకుంటారు.

గోల్‌బాల్ ఇంకో దారి చూపించింది. రెండో ప్రపంచ యుద్ధంలో చూపు పోయిన సైనికుల కోసం 1946లో పుట్టిన ఆట అది. బంతిలో గంటలుంటాయి. ఆడేవాళ్లందరూ, కాస్తో కూస్తో చూపున్నవాళ్లు కూడా, కళ్లకు గంతలు కట్టుకోవాల్సిందే. జనం నోరు మూసుకుని కూర్చోవాలి, బంతి చప్పుడు వినపడాలి కనుక. మన కళ్లగంతలాట ఆడిన ఏ పిల్లకైనా ఇది రెండు నిమిషాల్లో వచ్చేస్తుంది. మా బడిలో గంటల బంతి కొనడానికి డబ్బు లేని రోజుల్లో ఫుట్‌బాల్‌ను పాలిథిన్ సంచిలో పెట్టి బిగించి కట్టేవాళ్లం. నేల మీద దొర్లుతుంటే గరగరమని చప్పుడు వస్తుంది. చూపులేని ఒక అమ్మాయి ఆ చప్పుడుకి బంతిని ఆపడం, కళ్లకు గంతలు కట్టుకున్న మా కబడ్డీ కెప్టెను గోడకేసి తడుముకోవడం నేను చూశాను. ఆ పూట ఆ కెప్టెనుకు ఆమే గురువు. కొందరు ఇలాంటివి 'చూపులేనివాళ్ల కష్టం తెలుసుకోండి' అని చెప్పడానికి పెడతారు. దాంతో పిల్లలకు అయ్యో పాపం అనిపించడం తప్ప మరేమీ రాదు. ఆట కోసమే ఆడించండి. గోల్స్ లెక్కపెట్టండి.

ఇప్పుడు మన స్పోర్ట్స్ డే సంగతి. ఒక సెక్షన్లో అరవై మంది ఉంటే పరుగెత్తేది ఎనిమిది మంది. యాభై రెండు మంది ఎండలో కూర్చుని చప్పట్లు కొడతారు. ఏటా అదే ఎనిమిది మంది. కడ్డీలు వేసుకున్న పిల్ల ఒక్కతే బయట ఉందనుకుంటాం. ఉబ్బసం ఉన్న పిల్లవాడు, బొద్దుగా ఉన్న పిల్ల, సిగ్గరి, తడబడే నడకవాడు, వీళ్లంతా ఆమె పక్కనే కూర్చున్నారు. అందుకే ఈ మాట ఒకరిద్దరి కోసం చెప్తున్నది కాదు.

స్పెషల్ ఒలింపిక్స్ వాళ్లు చేసే పని ఒకటి మనకు చాలా పనికొస్తుంది. 1968లో షికాగోలో మొదలైనప్పటి నుంచి మేధోపరమైన వైకల్యం ఉన్నవాళ్లకు ఆటలు నడుపుతున్న సంస్థ అది. అసలు పోటీకి ముందు అందర్నీ ఒకసారి పరుగెత్తించి టైము రాసుకుంటారు. దాదాపు 15 శాతం తేడాలో ఉన్నవాళ్లను ఒక గుంపుగా కడతారు. అప్పుడు ప్రతి పరుగూ అసలు సిసలు పందెమే అవుతుంది. మేం దీన్ని బడిలో పెట్టాం. స్పోర్ట్స్ డేకి ముందు రెండు శనివారాలు మొత్తం బడిని 60 మీటర్లు పరుగెత్తించి, తరగతితో పని లేకుండా టైమును బట్టి గుంపులు కట్టాం. పరుగులు ఎక్కువయ్యాయి, నిజమే. ఒక రోజు పట్టేది రెండు రోజులైంది. కానీ జీవితంలో ఎప్పుడూ ముందున్నవాళ్ల వీపులు తప్ప చూడని పిల్లలు మొదటిసారి పక్కన మనిషి భుజం చూశారు. పక్కవాళ్ల ఊపిరి వినపడుతుండగా పరుగెత్తడం ఎలా ఉంటుందో వాళ్లకు అప్పుడు తెలిసింది. అందరికంటే వేగమైన ఎనిమిది మంది పరుగు కూడా అలాగే ఉంది. దాన్ని నెమ్మది చేయమని నేను అనను. వేగమున్న పిల్లకు అన్యాయం చేసి ఇంకొకరికి న్యాయం చేయలేం.

రిలే సంగతి కాస్త తీరికగా చెప్పాలి. బాస్కెట్‌బాల్ 14 పాయింట్ల సూత్రం నా బుర్రలో తిరుగుతూ ఉండేది. ఒక ఏడు ప్రతి హౌసు నుంచి నలుగురు చొప్పున రిలే పెట్టి, ఒకరు తప్పనిసరిగా ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం నడిచే భవిత కేంద్రం రిజిస్టర్లో ఉన్నవాళ్లై ఉండాలని, ఒక్కొక్కరి దూరం ప్రాక్టీసు టైములను బట్టి ముందే తేల్చుకోవాలని నియమం పెట్టాను. ఒక హౌసులో సెరిబ్రల్ పాల్సీ ఉన్న ఏడో తరగతి అబ్బాయి పడ్డాడు. వాడి వాటా 40 మీటర్లు. కుడి చెయ్యి బిగుసుకుపోయి ఉంటుంది, బ్యాటన్ అందుకుంటే జారిపోయేది. హౌసు కెప్టెను సైకిలు ట్యూబు కోసి కంకణంలా చేశాడు. చేతిలో పెట్టడం బదులు మణికట్టుకి తొడగడం. అది బాగుందని మిగతా హౌసులూ అదే తెచ్చుకున్నాయి. అందరికీ ఒకే నియమం అయింది. ఆ కెప్టెను నెలరోజులు బడి విడిచాక ఉండి, వాడితో కాలవ గట్టు మీద నడిచాడు. నేను చెప్పలేదు. వాడి 40 మీటర్లు లెక్కలోకి వస్తాయి కాబట్టి నడిచాడు.

స్పోర్ట్స్ డే నాడు వాళ్లు మూడో స్థానంలో వచ్చారు. గీత దాటగానే కెప్టెను వాడి మీద విరుచుకుపడ్డాడు, "మలుపు దగ్గర ఆగిపోయావేంట్రా!" అని. పక్కనున్న టీచరు పరుగున వెళ్లబోయారు, పాపం వాణ్ణలా అంటావా అని. నేను ఆవిడ చెయ్యి పట్టుకుని ఆపాను. ఎందుకంటే ఆ అబ్బాయి అప్పటికే నోరు తెరిచాడు. మాట కూడబలుక్కుని రావాలి వాడికి. వచ్చింది. "నువ్వు... ముందు... దూరం తెచ్చావా? నాకు... వెనకబడే ఇచ్చావ్!" ఇద్దరూ ఐదు నిమిషాలు పోట్లాడుకున్నారు. ఆ తర్వాత నీళ్ల కుండీ దగ్గర ఒకే గ్లాసుతో తాగారు. ఇన్నేళ్ల ఉద్యోగంలో నేను చెవులారా విన్న మంచి మాటలు ఏవంటే ఆ తిట్లే చెప్తాను. వాణ్ణి ఔటు చేశారు. వాడు ఆటలో ఉన్నాడు.

ఆటలు నేర్పే కొత్త టీచర్లు (పీఈటీలు) ఈ సభలో కనిపిస్తున్నారు కాబట్టి కొన్ని చేతిపని మాటలు చెప్పాలి. మాస్టారి కాలంలో మనకు కనిపించింది ఎక్కువగా పోలియో. దేశంలో సహజ వైరస్ వల్ల వచ్చిన ఆఖరి పోలియో కేసు 2011 జనవరిలోది, 2014లో మన ఆగ్నేయాసియా ప్రాంతం నుంచి ఆ పోలియో పోయిందని సర్టిఫికెట్టు ఇచ్చారు. ఇప్పుడు మీ ముందుకు వచ్చే పిల్లలు వేరు. ఆటిజం ఉన్న పిల్లకు ఆ రోజు గ్రౌండులో అన్నిటికంటే కష్టం లౌడ్‌స్పీకర్లు. ఏది ఎప్పుడు జరుగుతుందో బొమ్మలు గీసి ముందు రోజే చూపించండి, చప్పుడు తగలని గది ఒకటి తెరిచి ఉంచండి. వినపడని పిల్లలుంటే విజిల్‌తో పాటు జెండా దించండి. అందరూ జెండానే చూస్తారు, ఎవరికీ నష్టం లేదు. డౌన్ సిండ్రోమ్ ఉన్న పిల్లల్లో కొందరికి మెడలో పై రెండు ఎముకల మధ్య పట్టు వదులుగా ఉంటుంది. డాక్టరు చూసి సరేననే దాకా పల్టీలు కొట్టించకండి, తల మీద బరువు పడే పని చేయించకండి. కండరాల క్షీణత ఉన్న పిల్లవాడు ఇంకొంచెం చెయ్యగలడులే అని తొందరపెట్టకండి, అలసట వాడికి హాని. భవిత కేంద్రం టీచరుకు, తల్లికి మీకంటే ఎక్కువ తెలుసు. అన్నిటికంటే ముందు ఆ పిల్లనే అడగండి, ఏ ఆట ఆడతావని. మనం ఎంచినది వాళ్లకు ఇష్టం లేకపోవచ్చు. ఆడను అనే హక్కు కూడా మిగతా పిల్లలకు ఉన్నట్టే వాళ్లకూ ఉంది.

అంతర్జాతీయ దివ్యాంగుల దినోత్సవమైన డిసెంబరు 3న విడిగా జరిపే పోటీలు మానేయాలా అని కొందరు అడుగుతున్నారు. అక్కర్లేదు. తమలాంటి వాళ్లతో తలపడాలని ఎవరికైనా ఉంటుంది. కాని ఏడాదికి ఆ ఒక్క పూట విడిగా ఆడించి, సొంత బడి స్పోర్ట్స్ డే నాడు కుర్చీలో కూర్చోబెడితే మాత్రం బాకీ తీరదు.

వరంగల్ జిల్లా కల్లెడ అమ్మాయి జీవంజి దీప్తి గురించి మీకు కొత్తగా చెప్పనక్కర్లేదు. 2024 మేలో జపాన్‌లోని కోబేలో 400 మీటర్ల టీ20 విభాగంలో 55.07 సెకన్లతో అప్పటి ప్రపంచ రికార్డు. సెప్టెంబరు 3న పారిస్ పారాలింపిక్స్ ఫైనల్లో 55.82తో కాంస్యం. మొదటి స్థానానికీ ఆమెకీ తేడా ఒక సెకనులో మూడింట రెండు వంతులు. టీ20 అంటే మేధోపరమైన వైకల్యం ఉన్నవాళ్ల విభాగం. చిన్నప్పుడు ఊళ్లో వెక్కిరింతలు పడ్డ పిల్ల ఆమె. ఆమె పరుగును మొదట పసిగట్టింది బడిలో ఆటలు నేర్పే మాస్టారే. తర్వాత కోచ్ నాగపురి రమేశ్ చేతిలో పడింది. నేను ఆ మొదటి ఘడియ గురించే ఆలోచిస్తుంటాను. ఆ పిల్ల అప్పుడు గ్రౌండులో పరుగెత్తుతోంది కాబట్టి ఆ మాస్టారి కంటబడింది. చేతిలో రిబ్బను పట్టుకుని నిలబడి ఉంటే ఏ కంటికి ఆనేది? అయితే ప్రతి పిల్లా దీప్తి కావాలని నేను అనను, అలా ఆశించడం కూడా వాళ్ల నెత్తిన ఇంకో బరువు పెట్టడమే. పారిస్ దాకా వెళ్లే పిల్లలు ఎప్పుడో ఒకరు. బడి గ్రౌండు దాకా రావాల్సిన పిల్లలు ప్రతి ఊళ్లోనూ ఉన్నారు.

మళ్లీ 1978 దగ్గరికి వస్తాను. మరుసటి ఏడు స్పోర్ట్స్ డే ఆటల చీటీలో ఒక కొత్త వరస చేరింది. కూర్చుని క్రికెట్ బంతి విసరడం, బాలికలు. కాళ్లు బారచాపి నేల మీద కూర్చోవాలి, గీత దాటకూడదు. అందరూ అలాగే కూర్చోవాలి. పదకొండు మంది అమ్మాయిలు పేర్లిచ్చారు. పదిమందికి అలవాటు లేని భంగిమ అది, ఆమెకు రోజూ ఉన్నదే. ఆమె చేతుల్లో సత్తువ ఎక్కువని మాకు తెలుసు, రోజుకు ఎన్నిసార్లు ఆ చేతుల మీదే లేచేదో చూశాం కాబట్టి. ఆ ఏడు రిబ్బను నేనూ ఇంకో అబ్బాయీ పట్టుకున్నాం.

మాస్టారు పోయాక వాళ్లబ్బాయి ఆయన రికార్డు పుస్తకాలు నాకిచ్చారు. నీలం అట్ట, లోపల కాపీ పెన్సిలు రాత. అంతకు ముందు మూడేళ్ల పేజీల్లో ఆమె పేరు అడుగున, సహాయకులు అన్న మాట కింద ఉంది. 1979 పేజీలో పైన, పోటీదారుల వరసలో ఉంది. పేరు ఎదురుగా 13 మీటర్ల 40 అని రాసి, కొట్టేసి, 13 మీటర్ల 46 అని ఉంది. ఆ కొట్టివేత కథ నాకు తెలుసు. ఫలితం చెప్పగానే ఆమె కర్ర ఊతంగా లేచి మాస్టారి దగ్గరికి వెళ్లి, టేపు కొస గుర్తు మీద సరిగ్గా పెట్టకుండా కొలిచారు, మళ్లీ కొలవండి అని పట్టుబట్టింది. ముఖ్య అతిథి గడియారం చూసుకుంటున్నారు. మాస్టారు మోకాళ్ల మీద కూర్చుని, టేపు కొస నాకిచ్చి, గుర్తు మీద సరిగ్గా పెట్టించి, మళ్లీ కొలిచారు. ఆరు సెంటీమీటర్లు ఎక్కువ వచ్చింది. మూడో స్థానం 13 మీటర్ల 55. ఆమె పేరు పక్కన స్థానం అన్న గడిలో 4 అని వేశారు. వేసి, ఆమెకు చూపించారు. ఆమె రెండు అంకెలనూ వేలు పెట్టి చూసి, సరే మాస్టారూ అని, కోపంగానే వెళ్లిపోయింది.